మీకు తెలుసా? బోల్టు సాగితేనే పట్టు

తార్నాక సిగ్నల్ దగ్గర ఆగే సింగిల్ సిలిండర్ బైకుల్లో చాలావాటికి, పిస్టన్‌ను క్రాంక్‌కు కలిపే కనెక్టింగ్ రాడ్‌లో బోల్టులే ఉండవు. రాడ్ ఒకే ముక్కగా ఉంటుంది, క్రాంక్‌ను ప్రెస్ చేసి దానికి అమరుస్తారు. రాయల్ ఎన్‌ఫీల్డ్ ఇంటర్‌సెప్టర్ 650 సంగతి వేరు. అందులో రాడ్ అడుగున విడదీసే క్యాప్ ఉంటుంది, దాన్ని పట్టి ఉంచేవి బోల్టులే. 67.8 మి.మీ. స్ట్రోక్ ఉన్న ఆ ఇంజిన్ 7,000 ఆర్‌పీఎం మీద తిరిగేటప్పుడు, పిస్టన్ పైకొసన దిశ మార్చుకునే క్షణంలో త్వరణం గురుత్వ త్వరణానికి రెండు వేల రెట్లు దాటుతుంది. ఎగ్జాస్ట్ స్ట్రోక్ చివర ఆ లాగుడంతా బోల్టుల మీదే పడుతుంది.

బోల్టును బిగించడమంటే స్ప్రింగులా సాగదీయడమే. 1929లో మొదలైన ఉస్మానియా ఇంజినీరింగ్ కాలేజీలో మెకానికల్ విద్యార్థులు చదివే హుక్ సూత్రమే ఇక్కడా పనిచేస్తుంది: సాగేకొద్దీ పట్టు పెరుగుతుంది, ఈల్డ్ పాయింట్ దాటితే పాత పొడవుకు తిరిగి రాదు. అసలు చిక్కు రాపిడితో. టార్క్ రెంచ్ మీద పెట్టే శ్రమలో దాదాపు 90 శాతం మరల్లోనూ, బోల్టు తల కిందా రాపిడికే పోతుంది. అందుకే పొడి మరలకూ నూనె రాసిన మరలకూ ఒకే టార్క్ అంకె పనికిరాదు. రేసు ఇంజిన్లు కట్టేవాళ్లు బోల్టు ఎంత సాగిందో మైక్రోమీటరుతో కొలిచి చూస్తారు.

ఇంజిన్ రీబిల్డ్ చేసేటప్పుడు ఒక రాడ్ క్యాప్ మరో రాడ్‌కు వేయకూడదు. టార్క్ పెట్టాక ఇన్ని డిగ్రీలు తిప్పమని మాన్యువల్ చెబితే, ఆ బోల్టులు చాలావరకు ఒక్కసారికే. కొత్తవే వేయించండి.