నీలితీరమునకు ఏ ఋతువున పోవలెను?

ఎండ కొరకు సముద్రములు దాటి పోవుట తెలుగువారికి వింతగా తోచును. రెంటచింతలను, రామగుండమును ఎరిగినవారికి ఎండ కరవా? అయినను దక్షిణ ఫ్రాన్సు కడలియంచున పది దినములు గడపదలచు కుటుంబములు నేడు మనలోను కలవు. పెక్కేండ్లు కూడబెట్టిన సొమ్మును ఒక్క యాత్రలో వ్యయపరచు ఉద్యోగులును వారిలో ఉందురు. అట్టివారు మొదట విమానపు టిక్కెట్టు వెల విచారింతురు. పిదప హోటలు వెదకుదురు. ఋతువును గూర్చి కట్టకడపట ఆలోచింతురు. ఈ వరుసను తలక్రిందు చేయవలెనని నా మనవి. ఏలయన ఆ తీరమున వెలలకును, రద్దీకిని, సుఖమునకును మూలము ఋతువే.

నేడు వేసవి విడిదిగా పేరొందిన ఆ తీరము మొదట శీతకాలపు విడిది. ఉత్తరమున ఆల్ప్స్ పర్వతములు చలిగాలికి అడ్డుగోడవలె నిలుచుటచే జనవరిలో సైతము నీస్ నగరమున పగటి వేడిమి సుమారు 13 డిగ్రీలుండును. ఇంగ్లండు మంచులో వణకువారికి అదియే వసంతము. వైద్యుడును నవలాకారుడును అయిన స్మాలెట్ 1763లో నీస్ చేరి, 1766లో వెలువరించిన యాత్రాగ్రంథమున ఆ ప్రాంతమును తన దేశీయులకు ఎరుకపరచెను. 1820వ దశకమున ఆంగ్లేయులు చందాలు వేసికొని ఒడ్డున వేయించిన కాలిబాటయే నేటి ‘ఆంగ్లేయుల విహారపథము’. 1864లో రైలు వచ్చిన పిదప యూరపు రాజకుటుంబములు బారులు తీరినవి. విక్టోరియా రాణి 1895 మొదలు 1899 వరకు అచటి సిమియే గుట్టపై విడిసెను. ‘కోత్ దజ్యూర్’, అనగా నీలితీరము, అను పేరు 1887లో లియెజార్ అను రచయిత తన గ్రంథమునకు పెట్టినది.

అందరును వినోదమునకే రాలేదు. 1859లో హెన్రీ బెన్నెట్ అను ఆంగ్ల వైద్యుడు క్షయరోగముతో, మరణము తప్పదనుకొని, మెంతోన్ పట్టణము చేరి అచట కోలుకొనెను. ఆయన వ్రాసిన పుస్తకము చదివి ఎందరో రోగులు ఆ ఊరికి తరలివచ్చిరి. కోలుకొననివారు పాత ఊరిపైనున్న కొండశ్మశానమున, సముద్రమునకు ఎదురుగా, శాశ్వతనిద్రలో ఉన్నారు. మనకు విలాసముగా కనబడు ఆ ఎండ వారికి కడపటి ఔషధము. ఆ కొండ ఎక్కి దిగినవానికి నీలితీరము మరల ఉత్త చిత్రపటముగా కనబడదు.

మొదటి ప్రపంచయుద్ధము పిదప కాలము మారెను. వేసవిలో తలుపులు మూసికొనుచుండిన హోటళ్లు 1920వ దశకమున ఒకటొకటిగా తెరవబడెను. 1936లో ఫ్రాన్సు ప్రభుత్వము పనివారికి రెండు వారముల జీతపు సెలవు నిచ్చు చట్టము చేసెను. క్రమముగా జూలై, ఆగస్టు మాసములు జనసంద్రములైనవి. పాత వైభవమును స్మరించియే కాబోలు, యునెస్కో 2021లో నీస్ నగరమును ‘శీతకాలపు విడిది పట్టణము’గా ప్రపంచ వారసత్వ పట్టికలో చేర్చెను.

ఈ చరిత్ర మనకు మేలు చేయును. మన పిల్లల వేసవి సెలవులు అచటి వసంతమున పడుచున్నవి. ఏప్రిల్ చివరివారము, మే మొదటివారము అనుకూలములు. మే నడుమ కాన్ చలనచిత్రోత్సవమును, ఆ పిదప మొనాకో కార్ల పందెమును వచ్చినపుడు గదుల అద్దెలు ఆకాశమంటును. అయితే ఆ దినములలో సముద్రపు నీరు ఇంకను చల్లగానే ఉండును; ఈతకొరకే పోవువారు జూన్ వరకు ఆగవలెను. నీస్ ఒడ్డున ఇసుక లేదు, గులకరాళ్లే; గట్టి చెప్పులు మరువరాదు. ఉద్యోగ విరమణ చేసిన పెద్దలకు ఫిబ్రవరి మేలు. నీస్ కార్నివాల్, మెంతోన్ నిమ్మపండ్ల ఉత్సవము అప్పుడే. ఆస్ట్రేలియానుండి వచ్చి అచట పాతుకొనిన మిమోసా చెట్లు కొండలను పసుపుమయము చేయుటయు అప్పుడే. ఆ చెట్టు మన తుమ్మకు చుట్టము.

షెంగెన్ వీసాకు ప్రయాణమునకు ఆరు నెలల ముందునుండి దరఖాస్తు చేయవచ్చును. పదునైదు దినములకన్న ఆలస్యము చేయరాదు. 30,000 యూరోలకు తగ్గని వైద్యబీమా విధిగా ఉండవలెను. ఊరూర గది మార్చుటకన్న నీస్‌లో ఒక్కచోట దిగి, సముద్రము ప్రక్కన సాగు రైలులో మొనాకోకును మెంతోన్‌కును పోయి సాయంకాలమునకు తిరిగిరావచ్చును. మతీస్, షగాల్ చిత్రకారుల మ్యూజియములకు మంగళవారము సెలవు. శాకాహారులు బెంగపడనక్కరలేదు. శనగపిండిని నీటితోను ఆలివ్ నూనెతోను కలిపి, పెద్ద పళ్లెమున పోసి కట్టెల పొయ్యిలో కాల్చు ‘సొక్కా’ అను అట్టు పాత బజారులో దొరకును.

పంచాంగము చూచి ప్రయాణము కట్టుట మన పెద్దల ఆచారము. వారు వారశూలను చూచిరి. మనము ఋతువును చూచి, ఆ పిమ్మట టిక్కెట్టు వెల విచారింతము.