లెక్క నెల తప్పిన రోజు నుంచి కాదు

ఆళ్లగడ్డలో ప్రభుత్వాసుపత్రి ఉంది. అయినా అనుకోని కడుపుతో ఉన్న ఆడమనిషి ఆ గడప తొక్కడానికి జంకుతుంది. ఓపీ చీటీ రాసే ఆమెది అత్తగారి ఊరే కావచ్చు, వరుసలో వెనక నిలబడ్డామె ఆడబిడ్డకు స్నేహితురాలు కావచ్చు. అందుకే సిరివెళ్ల మీదుగా నంద్యాల బస్సెక్కుతుంది. దాదాపు 40 కిలోమీటర్లు పోతే తెలిసిన మొహం ఎదురుపడదని ధైర్యం. ఆ జంకును నేను తప్పుపట్టను. కాకపోతే బస్సెక్కేలోపే ఆమె మూడు గడపలు తొక్కివుంటుంది: వీధి చివర పెద్దమ్మ, మందుల షాపు, ఊళ్లో ఆర్‌ఎంపీ. ఒక్కో గడప దగ్గర వారమో పది రోజులో కరిగిపోతాయి. ఇక్కడ డబ్బుకన్నా విలువైనవి ఆ రోజులే.

అపోహ: "నెల తప్పి వారమే కదా, వారం కడుపే."

వాస్తవం: డాక్టర్లూ చట్టమూ లెక్కపెట్టేది చివరిసారి ముట్టు వచ్చిన మొదటి రోజు నుంచి. 28 రోజులకోసారి వచ్చే మనిషికి నెల తప్పి వారం దాటిందంటే అప్పటికే అయిదు వారాలు. ఇంకో నెల చూద్దామనుకుంటే తొమ్మిది. మాత్రలతో పోయే గడువు సరిగ్గా అక్కడే ముగుస్తుంది. కాబట్టి మొదట కావలసింది ఆ చివరి ముట్టు తేదీ, ఆ తర్వాత గర్భం ఉందో లేదో చూసే కిట్. ఆశా కార్యకర్త దగ్గర 'నిశ్చయ్' కిట్లు ఉచితంగా దొరుకుతాయి. ఆమెను అడగడానికి మొహమాటమైతే ఏ మందుల షాపులోనైనా తక్కువ ధరకే కొనుక్కోవచ్చు. పొద్దున లేవగానే పోసిన మూత్రంతో చూస్తే ఫలితం నమ్మకంగా ఉంటుంది.

పెద్దమ్మ చెప్పే బొప్పాయి, అనాస, నువ్వుల ఉండల సంగతి త్వరగా ముగిద్దాం. కడుపు దిగదు. మామూలుగానే కొన్ని గర్భాలు మొదటి నెలల్లో వాటంతటవే పోతుంటాయి, ఆ పేరు బొప్పాయికి దక్కుతుంది. తినే వస్తువు వల్ల పోయేది రోజులే. లోపలికి పుల్లలు, వేర్లు పెట్టించుకుంటే మాత్రం చీము పట్టి, రక్తం విషమై ప్రాణం మీదికి వస్తుంది. చట్టం లేని కాలంలో ఎందరో అలాగే పోయారు. 1964లో శాంతిలాల్ షా కమిటీ వేసిందీ, దాని సిఫారసులతో 1971లో వైద్యపరంగా గర్భం తొలగించే చట్టం (ఎంటీపీ చట్టం) తెచ్చిందీ ఆ చావులు చూసే.

ఆర్‌ఎంపీ దగ్గర ఒక వింత తికమక ఉంది. గర్భం తీయవలసింది ఆర్‌ఎంపీయే అని ఆ చట్టమే రాసింది! అయితే చట్టం చెప్పే ఆర్‌ఎంపీ వేరు: మెడికల్ కౌన్సిల్‌లో పేరు నమోదై, స్త్రీల వైద్యంలో చదువో శిక్షణో ఉన్న అల్లోపతి డాక్టరు. మన ఊళ్లలో ఆ మూడక్షరాల బోర్డు పెట్టుకుని జ్వరానికి సూది వేసే ఆయన ఆ డాక్టరు కాడు. రాత్రిపూట తలుపు కొడితే పలికేది ఆయనే, కాదనను. కానీ ఆయన చేతిలో ఈ పని చట్టప్రకారం నేరం. చోటు విషయంలోనూ అంతే. ప్రభుత్వాసుపత్రులకు ఈ అనుమతి చట్టంలోనే ఉంది, ప్రైవేటు నర్సింగ్ హోమ్ అయితే జిల్లా కమిటీ అనుమతి పొందివుండాల.

అపోహ: "షాపులో మాత్రల కిట్ ఇస్తారు, వేసుకుంటే కడిగినట్టు పోతుంది."

వాస్తవం: సగం నిజమున్న అపోహ ఇది, అందుకే ఎక్కువ ప్రమాదం. మిఫెప్రిస్టోన్, మిసోప్రోస్టాల్ అనే ఆ రెండు రకాల మందు మంచిదే. తొమ్మిది వారాల లోపు సరిగ్గా వాడితే నూటికి 95 మందికి పైగా పనిచేస్తుంది. 2015లో దేశంలో జరిగిన 1.56 కోట్ల గర్భస్రావాల్లో 73 శాతం ఆసుపత్రి బయట మాత్రలతోనే జరిగాయని లాన్సెట్ గ్లోబల్ హెల్త్‌లో వచ్చిన అధ్యయనం లెక్కగట్టింది. అంటే ఈ దారిన పోయేవాళ్లు ఏడాదికి కోటికి పైనే ఉన్నారు, ఎక్కువమందికి ఏమీ కాదు. ఏమైనా అయ్యేది ఎవరికంటే, వారాలు తప్పుగా లెక్కపెట్టుకున్నవాళ్లకు, సగం కోర్సు మాత్రలు చేతిలో పెట్టించుకున్నవాళ్లకు, పిండం గర్భసంచిలో కాక ట్యూబులో కూర్చున్నవాళ్లకు. ట్యూబులో ఉన్న గర్భం మీద ఆ మాత్రలు పనిచేయవు. రక్తం కనబడుతుంది, పోయిందనుకుంటారు, లోపల ట్యూబు పగులుతుంది. మాత్రలకు ముందు డాక్టరు పరీక్ష, స్కానింగ్ కావాలనేది ఇందుకే.

మన దగ్గర ఇంకో చిక్కు రక్తహీనత. రాష్ట్రంలో పదిమంది ఆడవాళ్లలో దాదాపు ఆరుగురికి రక్తం తక్కువ. మాత్రల తర్వాత మామూలు ముట్టుకన్నా ఎక్కువే పోతుంది. వరసగా రెండు గంటలపాటు గంటకు రెండు ప్యాడ్లు తడిసిపోతున్నా, ఒకరోజు దాటినా జ్వరం వదలకున్నా, పొత్తికడుపులో ఒకవైపు పొడిచినట్టు నొప్పి, భుజం నొప్పి, కళ్లు తిరగడం ఉన్నా 108కి ఫోన్ చేయాల. వేసుకున్న మాత్ర ఏదో డాక్టరు దగ్గర దాచకూడదు. మరొక మాట: 72 గంటల్లోపు వేసుకునే అత్యవసర గర్భనిరోధక మాత్ర, ముట్టు రావడానికిచ్చే హార్మోన్ మాత్రలు నిలిచిన కడుపును తీయవు. షాపులో మూడింటినీ కలిపేసి మాట్లాడతారు.

మాత్రల గడువు దాటిందని కుంగిపోనక్కర్లేదు. 12 వారాల దాకా చిన్న సిరంజిలాంటి పరికరంతో లోపలిది పీల్చి తీసే పద్ధతి ఉంది, కొద్ది నిమిషాల పని. గరిటెతో గీకే పాత 'కడగడం' వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఎప్పుడో చెప్పింది.

అపోహ: "మొగుని సంతకం లేందే చేయరు. పెళ్లి కాని పిల్లకైతే అసలే చేయరు."

వాస్తవం: 18 ఏళ్లు నిండిన స్త్రీకి ఆమె సంతకం చాలు. భర్తది, అత్తది, తండ్రిది అడగమని చట్టంలో ఎక్కడా లేదు. ఆసుపత్రుల్లో అడుగుతారు, అది నిజమే. రేపు ఇంటివాళ్లు గొడవకు వస్తారన్న భయంతో అడిగే సంతకమది. "చట్టంలో లేదు కదా మేడమ్" అని నెమ్మదిగా అనగలిగితే సగం గొడవ అక్కడే తీరుతుంది. 2021 సవరణ 'వివాహిత, ఆమె భర్త' అన్న చోట 'స్త్రీ, ఆమె భాగస్వామి' అని మార్చింది. 20 వారాల దాకా ఒక డాక్టరు అభిప్రాయం చాలు. 20 నుంచి 24 వారాల దాకా అత్యాచార బాధితులు, మైనర్లు, గర్భంతో ఉండగా భర్త పోయిన లేక విడాకులైన స్త్రీలు వంటి కొందరికి ఇద్దరు డాక్టర్లు ఒప్పుకోవాల. ఆ వరుసలో పెళ్లికాని స్త్రీలూ ఉన్నారని 2022 సెప్టెంబర్ 29న సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. భర్త బలవంతాన్ని కూడా ఈ చట్టం వరకు అత్యాచారంగానే చూడాలని ఆ తీర్పులోనే ఉంది. అయితే అడగ్గానే చేసితీరాలని చట్టం రాయలేదు, డాక్టరు అభిప్రాయం తప్పదు. దాన్ని లోపమనే అంటాను.

చట్టానికి రెండో వైపు కూడా ఉంది. ఉంచుకుంటానన్న ఆమెకు బలవంతంగా తీయిస్తే, తీయించినవాడు మొగుడైనా సరే, భారతీయ న్యాయ సంహిత 89వ సెక్షన్ కింద యావజ్జీవం దాకా శిక్ష పడొచ్చు.

18 లోపు పిల్ల అయితే తల్లిదండ్రులదో సంరక్షకులదో రాతపూర్వక అంగీకారం కావాల, పిల్లలపై లైంగిక నేరాల చట్టం (పోక్సో) ప్రకారం పోలీసులకు సమాచారమూ పోతుంది. ఈ ఒక్క మాట విని ఎన్నో ఇళ్లు ఆసుపత్రి మొహం చూడవు. పిల్ల, సంరక్షకులు కోరితే ఆ సమాచారంలో పేరూ గుర్తింపూ చెప్పనక్కర్లేదని 2022 తీర్పు డాక్టర్లకు వెసులుబాటిచ్చింది. ఇది తెలిసిన డాక్టర్లే తక్కువ, ఇక తల్లులకెట్ల తెలుస్తుంది?

గుట్టు సంగతి. పేరు బయటపెట్టిన వైద్యుడికి ఏడాది దాకా జైలు పడొచ్చని చట్టంలో ఉంది. ఇంకో భయం బోర్డుది: స్కానింగ్ గది బయట 'లింగ నిర్ధారణ నేరం' అన్న బోర్డు చూసి అబార్షనే నేరమనుకుని వెనుదిరిగేవాళ్లూ ఉన్నారు. ఆ బోర్డు 1994 నాటి వేరే చట్టానిది. ఆడో మగో చెప్పడం నేరం, గర్భం ఎన్ని వారాలో చూడడం కాదు.

అపోహ: "తొలి చూలు తీయించుకుంటే మళ్లీ కడుపు పండదు."

వాస్తవం: తొలి నెలల్లో సరైన చోట, సరైన పద్ధతిలో జరిగితే తర్వాతి కాన్పులకు అడ్డు రాదు. అడ్డొచ్చేది మోటు పద్ధతుల వల్ల పట్టే చీము.

ఉంచుకోవాలనుకుంటే దారి వేరు. ప్రభుత్వాసుపత్రిలో కాన్పు, ఆపరేషన్ అయినా సరే, ఉచితం. ప్రతి నెలా 9న గర్భిణుల ప్రత్యేక పరీక్షలుంటాయి. నంద్యాలలో 2023 నుంచి ప్రభుత్వ వైద్య కళాశాల కూడా నడుస్తోంది. కని పెంచలేనన్న తల్లి బిడ్డను గుడి మెట్ల మీద వదలనక్కర్లేదు. అలా వదలడమే నేరం. శిశు సంక్షేమ కమిటీ ముందు అప్పగించడం నేరం కాదు. పెళ్లికాని తల్లి సంతకం ఒక్కటే సరిపోతుంది, ఆమె వివరాలు గుట్టుగా ఉంచుతారు. మనసు మారితే 60 రోజుల్లోపు బిడ్డను వెనక్కి తీసుకోవచ్చు. దారి తెలియకపోతే 1098కి, ఇంట్లో వేధింపులుంటే 181కి ఫోన్ చేయవచ్చు.

చివరిది, నాకు అన్నిటికన్నా చిరాకు పుట్టించేది. "ఆపరేషన్ అయ్యేదాకా ఇట్లాంటివి మామూలే." రాష్ట్రంలో పెళ్లయిన ఆడవాళ్లలో పదికి దాదాపు ఏడుగురు కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించుకున్నవాళ్లే, మిగతా పద్ధతులు వాడేవాళ్లు నూటికి ఒకరిద్దరు. మొదటి బిడ్డకూ ఆపరేషన్‌కూ మధ్య ఉన్న ఏళ్లన్నీ దేవుడి మీద భారమే. పాలిస్తున్నంతకాలం కడుపు రాదనేది కూడా మొదటి ఆరు నెలలకే, అదీ పాలు తప్ప మరేమీ పట్టకుండా, ముట్టు తిరిగి రాకుండా ఉంటేనే. మూడు నెలలకోసారి వేసే 'అంతర' ఇంజక్షన్, 'ఛాయ' మాత్రలు, కాపర్ టీ ప్రభుత్వాసుపత్రిలో ఉచితం. మాత్రలతో గర్భం పోయిన స్త్రీలో ఎనిమిది పది రోజులకే మళ్లీ అండం విడుదల కావచ్చు. అంటే నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు తిరుగు బస్సెక్కే ముందే, అదే ఓపీ గదిలో, గర్భనిరోధకం గురించిన రెండో మాట కూడా అడిగేయాల.