మీకు తెలుసా? కేక్ మీది చాక్లెట్ పూత ఎండకు ఎందుకు జారుతుంది?

తెలంగాణలోని చౌటుప్పల్‌లో మే నెల ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. వెన్న కరగడానికి 35 డిగ్రీలు చాలు, చాక్లెట్‌లోని కోకో కొవ్వుకూ దాదాపు అంతే. అందుకే ముచ్చటగా పూసిన ఫ్రాస్టింగ్ కొవ్వొత్తులు వెలిగించేలోపే పక్కలకు జారిపోతుంది.

ఇంట్లో చేసుకోవడం మాత్రం తేలికే. ఉప్పు లేని వెన్న 100 గ్రాములు, చక్కెర పొడి 200, కోకో పొడి 40, రెండు చెంచాల చల్లటి పాలు ఉంటే ఓ చిన్న కేక్‌కు సరిపోతుంది. వేలితో నొక్కితే గుంట పడేంత మెత్తగా ఉండాలి వెన్న, నూనెలా కరగకూడదు. ముందు దాన్నొక్కదాన్నే రంగు పాలిపోయేదాకా గిలకొట్టండి. అప్పుడే గాలి పట్టి తేలికవుతుంది. తర్వాత చక్కెర, కోకో జల్లించి కొద్దికొద్దిగా కలిపి, పాలు పోయండి. చక్కెర మిక్సీలో మెత్తగా పట్టకపోతే పలుకులు పంటికి తగులుతాయి, అవి కరగడానికి వెన్నలో తడి చాలదు కదా! ఇంట్లో చిలికిన వెన్నైతే చన్నీళ్లతో కడిగి మజ్జిగంతా పిండేయాలి, లేదంటే పూత విరుగుతుంది.

దేశంలో కోకో ఎక్కువగా పండేది మన పక్క రాష్ట్రం ఆంధ్రప్రదేశ్‌లోనే. ఏలూరు, గోదావరి జిల్లాల కొబ్బరి, పామాయిల్ తోటల నీడలో సాగు చేస్తారు. కొనేటప్పుడు డ్రింకింగ్ చాక్లెట్ కాకుండా, చక్కెర కలపని కోకో పొడే అడగండి.

వేసవిలోనైతే పూత పూసే పని పొద్దున్నే ముగించి, కేక్‌ను కోసే ముందు దాకా ఫ్రిజ్‌లోనే ఉంచండి.