బ్రేక్‌ లైటు వెలగదు.. క్రూజ్‌ సెట్‌ కాదు.. మీరైతే ఏం చేస్తారు?

హిందూపురం, ధర్మవరం చుట్టుపక్కల ఐటీఐ, డిప్లొమా చేసి ఆటోమొబైల్‌ కొలువు కోసం చూస్తున్నారా? పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో ఏటా 3 లక్షల కార్లు తయారుచేసే సామర్థ్యంతో కియా ప్లాంటు 2019లో మొదలైంది. అయితే కారు కొలువంటే అసెంబ్లీ లైన్‌ ఒక్కటే కాదు. రోడ్డెక్కిన ప్రతి కారుకూ సర్వీసు కావాలి. అక్కడ విలువంతా లోపాన్ని పట్టుకోగలిగే వారికే.

ఇంటర్వ్యూలో ఇలా అడిగారనుకోండి: ‘బ్రేక్‌ లైట్లు వెలగడం లేదు, క్రూజ్‌ కంట్రోల్‌ కూడా సెట్‌ కావడం లేదు. ముందు ఏం చూస్తావు?’ ‘స్విచ్‌ మార్చేస్తానండీ’ అంటే మార్కులు పోయినట్టే!

రెండింటికీ లింకేంటి?

బ్రేక్‌ పెడల్‌ పైభాగంలో చిన్న స్విచ్‌ ఉంటుంది. పెడల్‌ నొక్కగానే లైట్లు వెలిగేలా చేసేది అదే, క్రూజ్‌ ఆపమని ఈసీయూకి చెప్పేదీ అదే. చాలా కార్లలో అందుకోసం రెండు వేర్వేరు కాంటాక్టులుంటాయి. వాటి సమాచారం ఒకదానితో ఒకటి పొసగకపోతే ఈసీయూ క్రూజ్‌ను అనుమతించదు. భద్రత కోసమే ఈ ఏర్పాటు.

వరుస తప్పొద్దు

1. ఒకరిని పెడల్‌ నొక్కమని వెనక నిలబడి చూడండి. ఒక్క లైటే వెలగకపోతే బల్బు, హోల్డర్‌, ఆ వైపు వైరు చూడాలి. మూడూ వెలగకపోతే ఫ్యూజ్‌, స్విచ్‌, ఎర్త్‌పై అనుమానం.

2. ఫ్యూజ్‌ పోతే అదే ఆంపియర్‌ది వేయండి. మళ్లీ పోయిందా? ఎక్కడో షార్ట్‌ ఉంది. పెద్ద ఫ్యూజ్‌ వేస్తే వైరింగే కాలిపోవచ్చు.

3. మల్టీమీటర్‌తో స్విచ్‌ చూడండి. లోపలికి 12 వోల్టులు వస్తూ, పెడల్‌ నొక్కినా బయటికి రాకపోతే లోపం స్విచ్‌లోనో, దాని అడ్జస్ట్‌మెంట్‌లోనో ఉంటుంది.

4. పెడల్‌ వదిలేసినా లైట్లు ఆరడం లేదా? స్విచ్‌కు తగిలే చిన్న రబ్బరు ముక్క ఊడిపోయి ఉండొచ్చు. బ్రేక్‌ నొక్కే ఉందని ఈసీయూ అనుకుంటుంది కాబట్టి క్రూజ్‌ కూడా పనిచేయదు. రాత్రంతా వెలిగితే బ్యాటరీ దిగిపోతుంది.

5. స్కానర్‌లో పీ0504 కోడ్‌ వస్తే స్విచ్‌లోని రెండు సిగ్నళ్లు పొసగడం లేదని, పీ0571 వస్తే క్రూజ్‌-బ్రేక్‌ స్విచ్‌ సర్క్యూట్‌లో లోపమని అర్థం. కోడ్‌ దారి మాత్రమే చూపిస్తుంది. లైవ్‌ డేటాలో పెడల్‌ నొక్కుతూ, వదులుతూ సరిచూసుకోవాలి.

లైట్లు బాగున్నా క్రూజ్‌ రాకపోతే? మాన్యువల్‌ కార్లలో క్లచ్‌ స్విచ్‌ కూడా చూడాలి. హారన్‌ కూడా మోగడం లేదంటే స్టీరింగ్‌ కింది క్లాక్‌ స్ప్రింగ్‌ను అనుమానించాలి. అక్కడ ఎయిర్‌బ్యాగ్‌ ఉంటుంది. బ్యాటరీ తీయకుండా, తయారీదారు సూచనలు చూడకుండా చెయ్యి పెట్టొద్దు.

ఇప్పటి నుంచే సిద్ధంకండి

కొత్త కార్లలో లైట్లను కంట్రోల్‌ మాడ్యూళ్లే నడిపిస్తున్నాయి. కాబట్టి వైరింగ్‌ డయాగ్రమ్‌ చదవడం తప్పదు. పదో తరగతి తర్వాత ఐటీఐలో రెండేళ్ల మెకానిక్‌ మోటార్‌ వెహికల్‌ ట్రేడ్‌ ఉంది. పాలిసెట్‌ రాసి ఆటోమొబైల్‌ డిప్లొమాలోనూ చేరొచ్చు. కోర్సు పూర్తికాగానే అప్రెంటిస్‌షిప్‌కు ప్రయత్నించండి. ఒక మల్టీమీటర్‌ కొని రోజూ చేత్తో పట్టండి.

44వ నంబరు జాతీయ రహదారిపై ముందు కారు బ్రేక్‌ లైటు వెలగకపోతే వెనక వచ్చేవారికి హెచ్చరికే ఉండదు. ఇంటర్వ్యూలో ఈ మాట కూడా చెప్పండి. పార్టులు మార్చేవారికీ, కారణం వెతికేవారికీ తేడా అక్కడే తెలుస్తుంది.