పాత హాట్ హ్యాచ్ కొంటున్నారా? ధర కన్నా ముందు రిపేరు లెక్క వేయండి

మామిడి కాపు దిగాక నూజివీడు, ఆగిరిపల్లి, ముసునూరు, విస్సన్నపేట వైపు ఇళ్లలో నాలుగు డబ్బులు ఆడతాయి. తోట ఉన్నవాళ్లకీ, గుత్తకు పట్టినవాళ్లకీ, నున్న మార్కెట్‌కి కాయ తోలినవాళ్లకీ ఏడాది సంపాదన దాదాపు ఆ రెండు మూడు నెలల్లోనే చేతికొస్తుంది. సరిగ్గా అప్పుడే ఇంట్లో కుర్రాళ్లు ఫోన్ ముందు పెట్టి, "అబ్బా, ఈ పోలో జీటీ చూడండి, నాలుగున్నర లక్షలకే ఇస్తున్నారు" అంటారు.

ఆ కోరిక తప్పేమీ కాదు. ఇంటికి పనికొస్తూ నడపడానికి సరదాగా ఉండే కారు కావాలనుకోవడం సహజమే. కాకపోతే ఈ రకం కార్లను కొనడం తేలిక, నిలబెట్టుకోవడమే ఖర్చు. కొన్న ఆరు నెలలకే తోట డబ్బంతా షెడ్డు పాలు కాకుండా ఏం చూసుకోవాలో వరసగా చెప్పుకుందాం.

హాట్ హ్యాచ్ అంటే ఏమిటి?

మామూలు చిన్న కారు బాడీలో గట్టి ఇంజన్, బిగుతైన సస్పెన్షన్, మంచి బ్రేకులు పెడితే అది హాట్ హ్యాచ్. 1976లో జర్మనీలో వచ్చిన ఫోక్స్‌వ్యాగన్ గోల్ఫ్ జీటీఐతో ఈ రకం కార్లకు ప్రపంచమంతా పేరొచ్చింది. మన దేశంలో 2001లో వచ్చిన ఫియట్ పాలియో 1.6ని ఇప్పటికీ తలుచుకునేవాళ్లున్నారు.

సెకండ్‌హ్యాండ్ మార్కెట్లో కనిపించేవి కొన్నే. 2013లో వచ్చిన పోలో జీటీ టీఎస్‌ఐ 105 హార్స్‌పవర్. 2020లో అందులో ఇంజన్ మారి 110 అయింది, 2022లో పోలో తయారీయే ఆగిపోయింది. 2015లో వచ్చిన అబార్త్ పుంటో 145. మారుతి బలేనో ఆర్‌ఎస్ 102, అది 2017 నుంచి 2020 మొదటి వరకే అమ్మారు. 2018లో వచ్చిన టాటా టియాగో జేటీపీ 110 పైన. 2021లో వచ్చిన హ్యుందాయ్ ఐ20 ఎన్ లైన్ 120. ఆ రోజుల్లో మామూలు స్విఫ్ట్ పెట్రోల్‌కి 83 ఉండేదని గుర్తుంచుకుంటే తేడా అర్థమవుతుంది.

నూజివీడు లాంటి ఊళ్లో ఉండేవాళ్లు బలం కన్నా ముందు స్పేర్ పార్టుల సంగతి ఆలోచించాలి. బలేనో ఆర్‌ఎస్‌కి బంపరు, డోరు, అద్దం లాంటివి చాలావరకు మామూలు బలేనోవే సరిపోతాయి. ఇంజన్ సామాను మాత్రం ఆర్డర్ పెట్టాల్సి రావచ్చు. అబార్త్ సరదా వేరు. కానీ ఫియట్ మన దేశంలో కార్ల అమ్మకాలే ఆపేసింది, ఒక చిన్న సెన్సరు కోసం కారు వారాల తరబడి షెడ్డులో నిలబడొచ్చు. ఇంట్లో ఇదొక్కటే కారు అయితే అబార్త్ జోలికి వెళ్లకండి.

ముందు డబ్బు లెక్క

తోట మీద ఉషర్ తీశాక, కూలీల బాకీ, ఎరువుల కొట్టు బాకీ తీర్చాక, పిల్లల ఫీజులు పక్కన పెట్టాక మిగిలిందే కారు డబ్బు. పాత కార్లకు ఇచ్చే లోన్ల మీద వడ్డీ సాధారణంగా కొత్త కార్ల కన్నా ఎక్కువ. వడ్డీకి దూరంగా ఉండాలనుకునే కుటుంబాలు చేతిలో ఉన్న నగదు లోపలే ఆగడం మేలు.

ఆ నగదంతా కారుకే పెట్టకండి. నాలుగు భాగాలు చేసి మూడు భాగాలతో కారు కొనండి, ఒక భాగం రిపేరుకి తీయండి. చేతిలో ఆరు లక్షలుంటే నాలుగున్నర దాటిన కారు మీది కాదు. ఇది అతి జాగ్రత్త అనిపించొచ్చు. కానీ ఈ కార్లకు వేసే 16 అంగుళాల మంచి టైర్లు నాలుగు మారిస్తేనే పాతిక నుంచి ముప్పై అయిదు వేలు అవుతుంది. టర్బో పోయినా, ఆటోమేటిక్ గేర్‌బాక్స్ పోయినా బిల్లు లక్ష దాటొచ్చు.

బుడమేరు నీళ్లు తాగిన కారేమో చూడండి

2024 సెప్టెంబర్ మొదట్లో బుడమేరు పొంగి విజయవాడలో సింగ్ నగర్, పాయకాపురం, చుట్టుపక్కల కాలనీలు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. వేలాది వాహనాలు మునిగాయి. అలా మునిగిన కార్లను కడిగి, పాలిష్ కొట్టి అమ్మితే ఫొటోలో తేడా కనిపించదు. 2020 అక్టోబర్ వరదల నాటి హైదరాబాద్ కార్ల మాటా అంతే.

గుర్తుపట్టడం మాత్రం కష్టం కాదు. సీటు బెల్టును చివరిదాకా లాగండి. లోపలి భాగంలో బురద గీత ఉంటే కారు మునిగినట్టే. సీటు కింద పట్టాలు, బోల్టులు తుప్పు పట్టాయా చూడండి. స్టెప్నీ ఉండే గుంటలో, ఫ్యూజ్ బాక్స్ మూలల్లో సన్నటి ఒండ్రు మిగిలిపోతుంది. హెడ్‌లైట్ లోపల ఆవిరి, కార్పెట్ కింద ముక్క వాసన, ఘాటుగా కొట్టిన సెంటు, ఇవన్నీ అనుమానించాల్సినవే. టర్బో కార్లలో సెన్సర్లు, కంప్యూటర్లు ఎక్కువ. నీళ్లు తాగిన వైరింగ్ ఈ రోజు బాగానే ఉండి వచ్చే వానాకాలంలో మొరాయిస్తుంది.

టర్బో, గేర్‌బాక్స్ పరీక్ష

సైలెన్సర్‌లోకి పోయే పొగ బలంతో తిరిగే చిన్న చక్రమే టర్బో. అది నిమిషానికి లక్షకు పైగా చుట్లు తిరుగుతుంది. దాన్ని కాపాడేది ఇంజన్ ఆయిల్ ఒక్కటే. అందుకే ఆయిల్ ఎప్పుడెప్పుడు మార్చారో సర్వీసు బిల్లుల్లో చూడాలి. బిల్లులు లేవంటే ధర ఎంత తగ్గించినా ఆలోచించుకోవాల్సిందే.

కారు చూడటానికి పొద్దున్నే వెళ్లండి. ముందు బానెట్ మీద చెయ్యి పెట్టండి. వేడిగా ఉంటే మీరు రాకముందే స్టార్ట్ చేసి ఉంచారన్నమాట. చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసినప్పుడు నీలం పొగ వస్తే ఆయిల్ మండుతోంది. తెల్ల పొగ ఆగకుండా వస్తూ తియ్యటి వాసన కొడితే కూలెంట్ ఇంజన్‌లోకి దిగుతోంది.

పోలో జీటీ టీఎస్‌ఐలో వచ్చే 7 గేర్ల డీఎస్‌జీలో ఆయిల్‌లో మునగని డ్రై క్లచ్‌లు ఉంటాయి. ఖాళీ రోడ్డు మీద అది వెన్నలా నడుస్తుంది. సీజన్లో కాయ ట్రాక్టర్ల వెనక మెల్లగా పాకేటప్పుడు మాత్రం క్లచ్ వేడెక్కుతుంది. అందుకే బైపాస్ మీద టెస్ట్ డ్రైవ్ చేసి మురిసిపోకండి. సంత రోజున బజారులో ఇరవై నిమిషాలు తిప్పండి. ఒకటో గేరు నుంచి రెండోదానికి మారేటప్పుడు వణికినా, రివర్స్ వేశాక కారు కదలడానికి తడబడినా, గేరు గుర్తు మినుకుమినుకుమన్నా ఆ కారు వద్దు.

ఒక స్కానర్ ఉన్న మెకానిక్‌ను వెంట తీసుకెళ్లండి. అమ్మేవాడి మెకానిక్ కాకుండా మీ మెకానిక్ అయి ఉండాలి. ఆయనకిచ్చే వెయ్యో రెండు వేలో వృథా ఖర్చు కాదు.

కాగితాలు: ఓపెన్ ట్రాన్స్‌ఫర్ వద్దు

సంతకాలు పెట్టిన ఖాళీ ఫారాలు చేతిలో పెట్టి "పేరు తర్వాత మార్చుకోండి" అనడం మన దగ్గర మామూలే. ఇందులో ఇద్దరికీ ముప్పుంది. సి బుక్‌లో ఎవరి పేరుంటే చట్టం దృష్టిలో ఆయనే యజమాని అని, ప్రమాదం జరిగితే పరిహారం బాధ్యతా ఆయనదేనని సుప్రీంకోర్టు 2018లో చెప్పింది. అంటే మీరు అమ్మేసిన కారుతో ఎవరో యాక్సిడెంట్ చేస్తే నోటీసు మీ ఇంటికొస్తుంది.

ఫారం 29, ఫారం 30 నింపి, కొన్న 30 రోజుల్లోపు పేరు మార్పించుకోండి. లోన్ మీద కొన్న కారైతే బ్యాంకు ఇచ్చే ఎన్‌ఓసీ, ఫారం 35 ఉండాలి. ఇన్సూరెన్స్ మీ పేరుకి మార్చమని 14 రోజుల్లోపు అడగాలి. పాత చలాన్లు ఏమున్నాయో బేరం తెగకముందే ఆన్‌లైన్‌లో చూసుకోండి.

హైదరాబాద్ కారు చౌకగా కనిపిస్తుంది. కానీ తెలంగాణ బండిని ఇక్కడ 12 నెలలకు మించి ఉంచుకోవాలంటే అక్కడి ఆర్టీఏ నుంచి ఎన్‌ఓసీ తెచ్చి ఆంధ్రప్రదేశ్ నంబర్ వేయించాలి, ఇక్కడ లైఫ్ ట్యాక్స్ కట్టాలి. ఆ సొమ్ము కూడా కారు ధరలో కలిపి చూస్తే చౌక ఎంతో తేలిపోతుంది.

రిపేరు ఏ వరసలో చేయించాలి?

విజయవాడ ఆటోనగర్‌లో టింకరింగ్, పెయింట్, లేత్ వర్క్, సీటు కవర్లు అన్నీ పక్కపక్కనే దొరుకుతాయి. అందుకే అక్కడికి వెళ్లగానే ఆశ పుడుతుంది. కొత్త అల్లాయ్‌లు, పెద్ద స్పీకర్లు ముందు కొనేసి, బ్రేకులకొచ్చేసరికి డబ్బు లేదంటారు. వరస ఇలా పెట్టుకోండి.

మొదట ఇంజన్ ఆయిల్, ఫిల్టర్లు, కూలెంట్, బ్రేక్ ఆయిల్ అన్నీ మార్చేయండి. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది, రెండేళ్లు దాటితే గట్టిగా బ్రేక్ వేసినప్పుడు పట్టు తగ్గొచ్చు.

రెండోది టైర్లు, బ్రేకులు. టైరు పక్కన నాలుగంకెల నంబరుంటుంది. 2319 అంటే 2019లో 23వ వారంలో తయారైందని అర్థం. గాడులు ఎంత లోతుగా ఉన్నా, పాతబడి గట్టిపడిన టైరు వానలో జారుతుంది.

మూడోది సస్పెన్షన్. మన ఊరి రోడ్ల గుంతలకీ, స్పీడ్ బ్రేకర్లకీ ముందు పోయేవి బుష్‌లు, లింక్ రాడ్‌లు. అవి మార్చి, షాక్ అబ్జార్బర్లు సరిచేసి, వీల్ అలైన్‌మెంట్ చేయిస్తేనే కారు మళ్లీ కొత్తదానిలా నిలబడుతుంది. సరదా అనేది ఎక్కువగా ఇక్కడే తిరిగొస్తుంది.

నాలుగోది రబ్బరు పైపులు. ఇప్పుడు బంకుల్లో 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలే వస్తోంది. 2023కి ముందు కార్లు చాలావరకు దానికోసం తయారైనవి కావు. ఇంధనం పైపులు, సీళ్లు పగిలాయేమో చూపించి, పాతబడితే మార్చండి.

పెయింట్, పాటలు ఇవన్నీ అయ్యాకే.

చట్టం ఒప్పుకోనివి

2019 జనవరిలో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది: కంపెనీ ఇచ్చిన రూపాన్ని, లక్షణాలను మార్చేలా వాహనంలో మార్పులు చేయకూడదు. అనుమతి లేని ఒక్కో మార్పుకీ ఆరు నెలల వరకు జైలు గానీ 5,000 రూపాయల జరిమానా గానీ పడొచ్చు, రెండూ పడొచ్చు. చప్పుడు చేసే సైలెన్సర్, కోసి పొట్టి చేసిన స్ప్రింగులు, కంప్యూటర్ మార్చి బలం పెంచడం ఇలాంటివే. చెప్పకుండా ఇంజన్ మార్పు చేస్తే ప్రమాదం జరిగాక ఇన్సూరెన్స్ కంపెనీ క్లెయిమ్ ఆపే వీలూ ఉంటుంది.

ఇంట్లో ఆడవాళ్ల పర్దా కోసమని నల్ల ఫిల్మ్ వేయించే అలవాటు మనలో ఉంది. 2012లోనే సుప్రీంకోర్టు నల్ల ఫిల్మ్‌లను నిషేధించింది. ముందు, వెనక అద్దాల్లోంచి కనీసం 70 శాతం, పక్క అద్దాల్లోంచి 50 శాతం వెలుతురు రావాలన్నది నిబంధన.

18 నిండని అబ్బాయికి తాళం ఇవ్వకండి. వాడు నేరం చేస్తే తండ్రికి మూడేళ్ల వరకు జైలు, 25,000 రూపాయల జరిమానా, కారు రిజిస్ట్రేషన్ 12 నెలలు రద్దు. అబ్బాయికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్స్ ఇవ్వరు. లైసెన్స్ ఉన్న కుర్రాడికైనా మొదటి నెల పక్కన పెద్దవాళ్లు కూర్చోవడం మంచిది. మామూలు కారు అలవాటున్న కాలికి టర్బో తోపు ఒక్కసారిగా తగులుతుంది.

అమ్మే రోజు కూడా వస్తుంది

రెండు మూడేళ్లకి ఈ కారు మీరూ అమ్ముతారు. ప్రతి బిల్లూ ఒక కవర్లో దాచండి, మార్చిన పాత సామాను అడిగి చూడండి. ఏ లోపం ఉందో కొనేవాడికి ముందే చెప్పండి. ధాన్యం కుప్ప అడుగున తడి దాచిన వర్తకుణ్ణి ప్రవక్త (స) ఎలా నిలదీశారో మనందరం విన్నదే. కాయ వ్యాపారం చేసేవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. పైన మంచి బంగినపల్లి పేర్చి కింద దెబ్బకాయలు సర్దిన పెట్టె ఒక్కసారే అమ్ముడుపోతుంది.