భర్త ఊళ్లో లేని లెక్క

నేపాల్‌లో మావోయిస్టుల సాయుధ పోరు 1996 నుంచి 2006 దాకా సాగింది. అన్నేళ్ల హింసలో కుటుంబ నియంత్రణ సేవలు కుదేలై ఉంటాయని ఎవరైనా అనుకుంటారు. కానీ ఆధునిక గర్భనిరోధక పద్ధతులు వాడే వివాహితలు 1996లో 26 శాతం ఉంటే 2006 నాటికి 44 శాతానికి చేరారని జాతీయ ఆరోగ్య సర్వేలు చెప్పాయి.

చిక్కుముడి శాంతి వచ్చాకే పడింది.

2011లో వాడకం 43 శాతం దగ్గరే నిలిచిపోయింది. కాన్పులు మాత్రం తగ్గుతూనే వచ్చాయి. విశ్లేషకులు ఆ సగటును విడదీసి, భర్త ఇంట్లో ఉన్నవారినీ లేనివారినీ వేరుగా లెక్కించాక గుట్టు బయటపడింది. గల్ఫ్‌కో, మలేషియాకో, మన దేశానికో భర్తలు వలసపోయిన స్త్రీలు వివాహితల్లో దాదాపు మూడో వంతు. వాడకం వారిలోనే తక్కువ. దశైం పండుగకు భర్త సెలవుపై వచ్చే నాటికి మాత్రలో, సూదిమందో ఊళ్లోనే దొరకాలి. ఒక్క సగటునే చూసి వేసే పథకంలో అలాంటి స్త్రీ అవసరం కనిపించదు.