మహమ్మారి – సమాజం

ఒకరి నుండి మరొకరికి సోకే వ్యాధిని అంటువ్యాధి అంటారు. అది ఎల్లలు దాటి దేశదేశాలకు వ్యాపించినప్పుడు మహమ్మారి అవుతుంది. వ్యాధి మనిషి దేహాన్ని పీడిస్తుంది. మహమ్మారి సమాజాన్నే పరీక్షిస్తుంది. పందొమ్మిదవ శతాబ్ది చివరలో మన దేశాన్ని కుదిపివేసిన ప్లేగు ఇందుకు తగిన నిదర్శనం.

1896 సెప్టెంబరులో బొంబాయి రేవుకు చేరువలోని మాండ్వీ ప్రాంతంలో డాక్టర్ వీగాస్ ఈ వ్యాధిని గుర్తించాడు. ధాన్యపు గిడ్డంగులు, వాటిని ఆశ్రయించిన ఎలుకలు, గాలి వెలుతురు చొరని ఇరుకు నివాసాలు వ్యాధికి నెలవులయ్యాయి. ఎలుకల ఒంటిపై ఉండి నెత్తురు పీల్చే పురుగులే ప్లేగును మోసుకువస్తాయని 1898లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు సిమాండ్ కనుగొనేవరకు దాని రాకపోకల మర్మం తెలియలేదు. భయకంపితులైన ప్రజలు వేలు, లక్షలుగా నగరాన్ని విడిచారు. పనివారు లేక మిల్లులు వెలవెలబోయాయి. క్రమంగా ప్లేగు ఇతర ప్రాంతాలకూ పాకింది. తరువాతి దశాబ్దాలలో దేశంలో కోటిమందికి పైగా దానికి బలి అయ్యారు.

1897లో బ్రిటిష్ ప్రభుత్వం అంటువ్యాధుల చట్టాన్ని తెచ్చి, అధికారులకు విశేషాధికారాలను ఇచ్చింది. పూనాలో సైనికులు ఇళ్లలో చొరబడి సోదాలు చేశారు. రోగులను శిబిరాలకు తరలించారు, సామగ్రిని తగులబెట్టారు. వ్యాధి నివారణే లక్ష్యమైనప్పటికీ, అనుసరించిన పద్ధతి ప్రజల ఆత్మగౌరవాన్ని గాయపరచింది. ఫలితంగా అనేకులు రోగులను దాచిపెట్టసాగారు. దాచిన రోగం మరింత ప్రబలుతుంది కదా! ఆగ్రహం పెచ్చుపెరిగి, ఆ ఏడాది జూన్ 22న ప్లేగు అధికారి రాండ్‌పై చాపేకర్ సోదరులు కాల్పులు జరిపారు.

అదే పూనాలో మరొక దృశ్యం కూడ కనిపిస్తుంది. స్త్రీ విద్యకై జీవితమంతా శ్రమించిన సావిత్రీబాయి ఫూలే, వైద్యుడైన కుమారుడు యశ్వంత్‌తో కలిసి ప్లేగు రోగులకు సేవ చేసింది. ఆ సేవలోనే వ్యాధి సోకి 1897 మార్చి 10న కన్నుమూసింది. బొంబాయిలో హాఫ్కిన్ ప్లేగు టీకాను రూపొందించి, ముందుగా తన శరీరంపైనే ప్రయోగించుకున్నాడు. బలప్రయోగం సాధించలేని విశ్వాసాన్ని ఇటువంటి త్యాగం సాధించగలదు.

మహమ్మారి అందరికీ వచ్చినా, అందరినీ సమానంగా బాధించదు. ఇరుకు ఇళ్లలో ఉండేవారికి, రోజు కూలితో బ్రతికేవారికి దాని దెబ్బ అధికం. 2020లో కోవిడ్ వ్యాపించినప్పుడు వలస కార్మికులు వందల మైళ్లు కాలినడకన స్వగ్రామాలకు సాగిపోవడం ఈ సత్యాన్ని మరల చాటింది. ఆనాడు కూడ 1897 నాటి చట్టమే అమలయింది. వదంతులు, రోగులను దూరంగా నెట్టే అమానుషత్వం కనిపించాయి. ఆకలిగొన్నవారికి అన్నం పెట్టిన చేతులూ కనిపించాయి.

కావున మహమ్మారిని ఎదుర్కోవడానికి ఔషధం ఒక్కటే చాలదు. శాస్త్రజ్ఞానం, పరిశుభ్రమైన నివాసాలు, ప్రజల గౌరవాన్ని కాపాడే పాలన, తోటివారిపై దయ — ఈ నాలుగూ కలిసినప్పుడే సమాజానికి నిజమైన రక్షణ లభిస్తుంది.